గోడ మీద వైరు

మా డాబా మీద సోలారు పలకలు బిగించిన దగ్గర్నుంచీ మావారికి పంచాంగం అక్కర్లేకుండా పోయింది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో సెల్‌ఫోను పట్టుకు కూర్చుని, "ఇవాళ పన్నెండు యూనిట్లొచ్చేట్టుందోయ్" అంటారు. ఆకాశానికి మబ్బు పడితే ఆయన మొహానికీ పడుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బెజవాడ ఎండని తిట్టుకున్న మనిషి, ఇప్పుడా ఎండ కోసం ఎదురు చూస్తున్నారంటే నమ్మండి!

2024లో వచ్చిన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ అనగానే మా ఇంట్లో కదలిక వచ్చింది. ఆ వెనకే కరెంటు కారూ వచ్చింది. తీరా చూస్తే ఓ చిక్కు. ఎండ ఉన్నంతసేపూ కారు ఆఫీసు దగ్గరుంటుంది. కారు ఇల్లు చేరేసరికి ఎండ పోతుంది. పడని తోడికోడళ్ళలా ఒకరున్నచోట ఇంకొకరుండరు. పగలు మిగిలిన కరెంటు మీటరు లెక్క రాసుకుని లైన్లోకి పంపుతుంది, రాత్రికి లైన్లోంచే తెచ్చుకుంటాం. "అయితే రాత్రిపూట మన కారు తాగేది ఇబ్రహీంపట్నం బొగ్గేగా, మధ్యలో సూర్యుడి పేరెందుకు?" అని ఊరికే ఓ మాటన్నాను. అది ములుకులా తగిలినట్టుంది. నెల తిరక్కుండా గోడకి సూటుకేసంత బ్యాటరీ వేలాడింది. అయిదు యూనిట్లు దాచుకుంటుంది. కారుకైతే ముప్పై కిలోమీటర్లు.

అప్పట్నుంచీ ఒకటి గమనించాను. పలకల మీద పడినంతసేపూ అది సూర్యుడి వెలుగే. బ్యాటరీలోకి దిగగానే "మన కరెంటు" అయిపోయింది.

మొన్న వేసవిలో ఓ సాయంత్రం గాలివాన. వీధంతా చీకటి. బ్యాటరీ లేని సోలారు ఇళ్ళక్కూడా చీకటే. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాకు కొట్టకుండా, లైన్లో కరెంటు పోగానే అవీ వాటంతటవే ఆగిపోతాయి. మా ఇల్లొక్కటే దీపావళిలా ఉంది. మర్నాడు మావారు గుంటూరు వెళ్ళి రావాలి. రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు. కార్లో ఉన్నది యాభైకి చాలుతుంది. బ్యాటరీలోది ఎక్కిస్తే సరిగ్గా సరిపోతుందని లెక్క వేసుకుని, ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు వినబడింది, పక్కింటి మాస్టారుగారి ఇన్వర్టరు కుయ్ కుయ్‌మని అరవడం. పిన్నిగారికి ఆక్సిజన్ మిషను లేకపోతే రాత్రి గడవదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. చిన్న సిలిండరొకటి ఉంటుంది గానీ అది ఎంతసేపొస్తుంది? మిషను రాత్రంతా నడవాలంటే మూడు యూనిట్లు కావాలి. అటిస్తే ఇటు లేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇరవై నిమిషాలు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. వాళ్ళే అడుగుతారులే అని నేననుకున్నాను. అడిగితే కాదంటామా అని ఆయన అనుకున్నారట. మాస్టారేమో, "పాపం, కారుకి పెట్టుకుంటారేమో, ఎలా అడగడం" అని కిటికీ దగ్గరే నిలబడ్డారట. అందరమూ మంచివాళ్ళమే! ఆ మంచితనం చీకట్లో కూర్చుని ఉండగా ఇన్వర్టరు అరుపు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం భరించలేక లేచాను. కొంగు నడుముకి దోపి, పొడుగాటి వైరు ప్రహరీ మీంచి అటు పడేసి, "మాస్టారూ, అందుకోండి" అని కేకేశాను. మావారు ప్లగ్గు పక్కన పెట్టి టార్చి పట్టారు.

తెల్లవారుజామున కరెంటొచ్చేదాకా నిద్ర పట్టలేదు. మా అమ్మమ్మ వాళ్ళ పెరట్లో నుయ్యి గుర్తొచ్చింది. ఎండల్లో ఊళ్ళో బావులెండితే అందరూ బిందెలతో వచ్చేవాళ్ళు. అమ్మమ్మ చేదా తాడూ ఏనాడూ లోపల పెట్టలేదు. మేమూ రోజూ పగటిపూట ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కరెంటు పంపుతూనే ఉన్నాంగా! దానికి మనసుకి కష్టమేమీ లేదు, ఎందుకంటే మీటరు రాసుకుంటోంది. పక్కింటికివ్వడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఎందుకంటే అక్కడ మీటరు లేదు. దాచుకోవడం తప్పని అనను. ఆ రాత్రి దాచుకున్నది లేకపోతే ఇవ్వడానికేముంది? కానీ దాచుకున్న దానికి కాపలా కాయడం మొదలెడితే పక్కింటి అరుపు ఆలస్యంగా వినిపిస్తుందేమో.

పొద్దున మావారు బస్సులో గుంటూరు వెళ్ళారు. మాస్టారు గుమ్మంలోకొచ్చి, "ఎన్ని యూనిట్లయిందమ్మా?" అంటూ జేబులో చెయ్యి పెట్టారు.

"అయ్యో, అదేం మాట!" అన్నాను, పెద్ద మనసున్నదాన్లా.

ఆయన నవ్వలేదు. "ఊరికే పుచ్చుకుంటే మళ్ళీ అవసరమొస్తే అడగలేను తల్లీ" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. డబ్బు తీసుకుంటే అది బేరం. వద్దంటే తలుపు వేసినట్టు. అంత సులువా ఇవ్వడమంటే? చివరికి, "మీ పందిట్లో మల్లెలు బాగా పూస్తున్నాయి కదండీ" అన్నాను.

సాయంత్రానికి దోసెడు మల్లెమొగ్గలొచ్చాయి. అప్పట్నుంచీ వస్తూనే ఉన్నాయి. గోడ మీది వైరు కూడా మేమింకా చుట్టి లోపల పెట్టలేదు.