చాలును అనుట



మంచి పని చేయవలెనని కోరుట తప్పా? కానే కాదు. అయితే ఒక్క లోపమైనను ఉన్నంతవరకు నా పనిని బయటికి పోనియ్యనని పట్టుపట్టుట మంచి గుణమేనా అని మనము విచారింపవలసియున్నది. కుట్టుపని, లేసు అల్లిక, బట్టలపై అద్దకము జీవనాధారముగా గల కుటుంబములు మన సంఘములలోను గలవు గనుక ఇది పట్టణపు చిత్రకారుల ప్రశ్న మాత్రమే కాదు.

కృష్ణా జిల్లా పెడనలోని కలంకారీ అద్దకమును తీసికొనుడి. 1611లో ఇంగ్లీషు వర్తకులు సమీపముననున్న మచిలీపట్నములో కోఠీ పెట్టుకొన్నది ఈ తీరపు బట్టల వర్తకము కొరకే. యజమాని పువ్వులు, తీగెలు కాగితముపై గీయించును. చెక్కువాడు వాటిని టేకు దిమ్మెపై అచ్చుగా చెక్కును. కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టిన బట్టపై, తుప్పు ఇనుమును బెల్లముతో పులియబెట్టిన నీటిని అచ్చుతో అద్దగానే నలుపు పట్టును. ఇక చెరుపుటకు వీలులేదు. ఎరుపు సంగతి ఇంకను విచిత్రము. అద్దునప్పుడు బట్టకు పట్టునది పటిక మాత్రమే; అసలు ఎరుపు, ఆ బట్టను రంగునీటిలో మరిగించిన పిమ్మటగాని బయటపడదు. అనగా పనివాడు ఫలితము చూడకయే అద్దుచు పోవలెను. అంతయు కంటితో చూచి నిశ్చయపరచుకొందునని కూర్చున్నవానికి ఆ విద్య అబ్బదు. పైగా చేతితో వేయు అచ్చు గనుక అతుకు దగ్గర వెండ్రుకవాసి తేడా ఉండనే ఉండును. నాకైతే ఆ తేడాయే అందముగా తోచును.

ఇట్టి చోట ఒక యజమాని ఇంకను కుదరలేదని తీగె వంపును ఏడవమారు మార్పించుచున్నాడనుకొనుడి. చెక్కువాని ఉలి ఆగును. అద్దువారికి పనిలేదు. పండుగ దాటిన తరువాత ఆ గుడ్డ ఎవరు కొందురు? వారి కూలి ఎవరిత్తురు? పనియెడల భక్తి అని అతడు తలంచునది పొరుగువాని పొయ్యి చల్లార్చుచున్నది. ప్రొద్దు క్రుంకకముందే కూలివానికి కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఆజ్ఞ గలదు; నమూనా కుదిరిన పిమ్మట ఇమ్మని అందులో లేదు.

లోతుగా చూచినయెడల ఈ పట్టుదలకు మూలము అనేక పర్యాయములు భయమే. జనులు ఏమందురో! తన చేతిలో ఉన్నంతవరకు ఆ పనిని ఎవరును నిందింపరు గదా.

అట్లని మోటుపనికి ఇది సాకు కారాదు. రంగు దిగు బట్టను మంచిదని అమ్ముట మోసమే. బెసలేలు ప్రత్యక్ష గుడారపు పని చేసినప్పుడు కొలతలన్నియు ముందే ఇయ్యబడెను. కానుకలు కావలసినదానికంటె ఎక్కువగుట చూచి, ఇక తేవద్దని మోషే పాళెమంతట చాటించెను (నిర్గమ. 36). పని ముగిసిన పిమ్మట అతడు దానిని చూచి వారిని దీవించెను (నిర్గమ. 39). కొలత ఉన్నది గనుకనే ముగింపు కనబడినది.

మీరును పని మొదలుపెట్టకముందే వ్రాసికొనుడి: నమూనాను ఎన్ని మారులు దిద్దవలెను, ఏ తేదీన అచ్చు చెక్కనియ్యవలెను, ఏ లోపమున్న గుడ్డను ప్రక్కన పెట్టవలెను. రంగు దిగినది, చిరిగినది, మరక పడినది ప్రక్కన పెట్టుడి. అతుకు దగ్గర కొంచెము తొలగినదానిని మడతపెట్టి మూటలో చేర్చుడి. ఆ తేదీ వచ్చినప్పుడు మీ చేయి మరల కాగితము వైపు పోవును. అప్పుడు దానిని ఇంటిలో మరియొకరి చేతికిచ్చి, చెక్కువాని యొద్దకు పంపించుడి.