ఆత్మ యమరమని నమ్మువారి విధి

మరణభయము సర్వజనసామాన్యమే. అయినను రామకృష్ణాపూరువంటి బొగ్గుగనుల యూళ్లలో నది యనుదినము గడపదాకవచ్చి పోవుచుండును. బాయికి బోయిన భర్త మరలివచ్చుదాక నిల్లాలి చెవులు వీధివైపే యుండును. ఆత్మ యమరమా కాదా యను ప్రశ్న యచ్చట పండితుల వినోదము కాదు.

2003వ సంవత్సరము జూన్ 16వ తేదీన, గోదావరి కావలిగట్టున నున్న గోదావరిఖనిలో నొక భూగర్భగనిలోనికి నీరు పొంగివచ్చి 17 మంది కార్మికులను బలిగొనెను. వారి యాశలును, బిడ్డలయందలి ప్రేమయు నా నీటితోనే యంతమొందెనా? చమురు తీరిన దీపమువలె నాత్మయు నారిపోవునని కొందఱందురు. మేము దానిని ప్రయోగశాలలో ఖండింపజాలము, వారును స్థాపింపజాలరు. అయినను, ప్రమాదము సంభవించినపుడు రక్షకదళమువారు తోడిమనుష్యుని వెదకుచు విషవాయువులు నిండిన గనిలోనికి దిగుదురు. దేహమే సర్వస్వమైనచో, దానిని పరులకై యొడ్డువానికి మన మేల తలవంతుము? దేహముకంటె నధికమైన దొకటి కలదని మన యంతఃకరణమే సాక్ష్యమిచ్చుచున్నది. అట్టి ప్రేమను పుట్టించిన న్యాయస్వరూపుడు దానిని సగములో ద్రుంచివేయడని మా విశ్వాసము.

కాని యీ విశ్వాసమును దుర్వినియోగము చేయువారు కలరు. "ఆత్మకు చావులేదు, అంతయు కర్మ" మని భర్తను గోల్పోయిన స్త్రీతో బలికి తమ పని తీరినదని లేచిపోవుట యోదార్పు కాదు, తప్పించుకొనుట.

రాజా రామమోహనరాయలవారు 1819లో నాంగ్లమున ప్రకటించిన కఠోపనిషత్తును విచారింపుడు. నచికేతుడు యముని మూడు వరములు గోరెను. మరణానంతరస్థితిని గూర్చిన ప్రశ్న మూడవది. మొదటిదో, తన తండ్రి మనస్సు కుదుటపడవలెనని! ఇంట మిగిలినవారి శాంతి ముందు, పరలోకరహస్యము పిదప.

ఆత్మ యమూల్యమని నమ్మువాడు దాని నివాసమైన దేహమును చౌకగా జూడడు. గనిలో గాలి చాలినంత యున్నదా, పైకప్పునకు ఊతలు సరిగా నున్నవా, పాతగనులలో నిలిచిన నీటి జాడలు పటములందు గుర్తింపబడెనా యని యడుగుట యీ విశ్వాసములోని భాగమే. దిక్కులేని కుటుంబమునకు తిండియు, బిడ్డలకు చదువును సమకూర్చుటయు నట్టిదే. ఆ పనికి బూనుకొని, పిమ్మట నా దుఃఖిత చెంత గూర్చుండి పరమాత్ముని స్మరింతము. అపుడు మన మాట యామె హృదయమున కందును.