హజ్‌కు స్తోమత: అనుమతిపత్రం ఆరాధనకు షరతు కాగలదా?

కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప పట్టణాల నుంచి హజ్‌కు వెళ్లదలచిన ముస్లింలు పాస్‌పోర్టు సిద్ధం చేసుకుని, హజ్ కమిటీకి దరఖాస్తు పెట్టి, ఖుర్రా అనే డ్రాలో పేరు వస్తే ఆరోగ్య ధ్రువపత్రం, మెనింజైటిస్ టీకా, వీసా వంటి లాంఛనాలు పూర్తిచేసి విమానం ఎక్కుతారు. దైవం విధించిన ఆరాధనకు ప్రభుత్వాల అనుమతి షరతు కావచ్చునా అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

హజ్ జీవితంలో ఒక్కసారి, అదీ స్తోమత ఉన్నవారికే విధి. ఇస్తితాఅత్ అని పిలిచే ఈ స్తోమతలో యాత్ర ఖర్చుతోపాటు ఇంటివారి పోషణకు సరిపడే ధనం, దేహారోగ్యం, మార్గభద్రత చేరతాయని ధర్మవేత్తలు వివరించారు. మార్గమంటే నేడు వీసా కూడా కనుక, డ్రాలో పేరు రానివారు ఆ ఏటికి వెళ్లలేకపోయినా దోషులు కారు.

ప్రవేశ నియమం మతానికి కొత్తదీ కాదు. తిరుమల యాత్రికులు ముందుగా దేవుని కడపలో దర్శనం చేసుకునే ఆచారం రాయలసీమకు తెలిసిందే. అలాగే మక్కా చుట్టూ ఉన్న మీఖాత్ అనే హద్దులను యాత్రికుడు ఇహ్రాం దీక్ష లేకుండా దాటరాదు. విమానంలో వెళ్లేవారు ఆ హద్దు రాకముందే దీక్ష పూనాలి. అయితే ఇహ్రాంలో ధరించే కుట్టులేని రెండు తెల్లని వస్త్రాలు పురుషుల మధ్య హోదా భేదాన్ని చెరిపివేస్తుండగా, వీసా దేశాన్నీ వయసునూ చూసి మనిషిని వేరుచేస్తుంది. అసలు ఘర్షణ ఇదే.

ఈ వేరుచేయడానికి కారణం లేకపోలేదు. 1987 హజ్‌లో మెనింజైటిస్ ప్రబలిన తరువాత టీకా తప్పనిసరైంది. 1988లో ఇస్లామిక్ దేశాల సంస్థ వెయ్యిమంది ముస్లింలకు ఒక యాత్రికుడు చొప్పున దేశాలవారీ కోటాకు అంగీకరించింది. 2019లో సౌదీ అరేబియా ప్రవేశపెట్టిన పర్యాటక వీసాతో ఉమ్రా అనే చిన్న యాత్ర చేయవచ్చు గాని, హజ్‌కు అది చెల్లదు. అనుమతి లేకుండా హజ్‌కు వెళ్లడం పాపమని 2024లో ఆ దేశపు ఉన్నత ఉలమా మండలి ప్రకటించింది. ఆ వేసవి యాత్రలో మరణించిన 1,301 మందిలో 83 శాతం అనుమతి లేనివారేనని, వారు నీడా వసతీ లేక మండుటెండలో చాలా దూరం నడిచారని సౌదీ అధికారులు వెల్లడించారు. పరిమితమైన గుడారాల్లో, వైద్యశాలల్లో చాటుగా చోటు సంపాదించినవారు తమ ప్రాణానికే కాక, నిరీక్షించి వచ్చినవారి హక్కుకూ హాని చేస్తారు.

అంతమాత్రాన ప్రతి లాంఛనమూ ధర్మశాసనం కాదు. మహ్రం, అనగా భర్త లేదా వివాహం నిషిద్ధమైన దగ్గరి బంధువు, తోడు లేనిదే స్త్రీ హజ్‌కు వెళ్లరాదని హనఫీ సంప్రదాయం చెబుతుండగా, నమ్మదగిన స్త్రీల బృందంతో వెళ్లవచ్చునని షాఫియీలు అంటారు. 2018లో భారత ప్రభుత్వం 45 ఏళ్లు దాటిన స్త్రీలకు బృందంగా వెళ్లే వీలు కల్పించింది. కాగితపు నియమం కాలంతో మారుతుంది, మారాలి కూడా. ఆ నియమాన్ని పాటించమని మతం చెప్పడం కాగితం పవిత్రమని కాదు, పొరుగువాని వంతును దోచుకున్నది ఆరాధన కాజాలదని.