ఎవరి గోచారం, ఎవరి ఉపవాసం?

శని ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్లు ఉంటాడు. జన్మరాశికి ముందు రాశిలో, జన్మరాశిలో, తర్వాతి రాశిలో గడిపే ఏడున్నరేళ్లే ఏలినాటి శని. 12లో 3 రాశులు! అంటే ఎప్పుడు చూసినా సుమారు పావు వంతు మంది దాని కిందే ఉంటారు.

2025 మార్చిలో శని మీనంలోకి వచ్చాడు. నాన్నది మేషం. శనివారం ఉపవాసాలు మాత్రం అమ్మవి, నువ్వులనూనె దీపాలూ ఆమెవే. (సుగర్‌కి మాత్రలు వేసుకునే మనిషి.)

కష్టానికో గడువుందనుకోవడంలో ఊరట ఉంది, దాన్ని నేను తీసిపారెయ్యను. కానీ నాన్న విసిరిన కంచాన్ని కూడా శని ఖాతాలోనే రాసేస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు? గ్రహాన్ని నిలదీయలేం. నాన్నని నిలదీయబోతే అమ్మే అడ్డొస్తుంది, "టైం బాలేదే ఆయనకి" అంటూ.

అమ్మది ఏ రాశో మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.