రొట్టె ఎవరు కాల్చాలి?

 

హాలహర్వి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పక్క మన గేరుల్లో పొద్దుగూకితే రొట్టె తట్టే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఎవరి చేతిది? అమ్మది, అక్కది, కోడలిది. మొగుడూ పెండ్లాం ఇద్దరూ చేని నుంచి ఒకే ఆటోలో దిగుతారు. ఒకరు కాళ్ళు కడుక్కొని మంచం మీద కూర్చుంటారు. ఒకరు పొయ్యి ముందర కూర్చుంటారు. ఇందులో ధమ్మం ఏముంది, ఇది ఇంటి సంగతి కదా అని కొందరు అడుగుతారు. ఇంటి రొట్టె అందరం కలిసి చేసుకోవడం ఒక మంచి అలవాటు మాత్రమేనా, లేక బౌద్ధులుగా మన బాధ్యతా? ఆలోచిద్దాం.

ముందు గింజ సంగతి చూద్దాం. వరి అన్నం గొప్పోళ్ళ తిండి, జొన్న రొట్టె కూలోళ్ళ తిండి అనే మాట నిన్నమొన్నటి దాకా విన్నాం. ఇట్లాంటి మాట మన దగ్గరే పుట్టలేదు. ఇంగ్లండు పండితుడు శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చేసిన నిఘంటువులో ఓట్స్‌కు అర్థం రాస్తూ, ఇంగ్లండులో గుర్రాలకు వేసే ఆ గింజను స్కాట్లండులో మనుషులు తింటారని ఎగతాళి చేశాడు. గింజను తక్కువ చేస్తే తినేవాళ్ళను తక్కువ చేసినట్టే. ఇప్పుడు ఆ ఓట్స్ డబ్బాల్లో మన అంగళ్ళకొచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. జొన్నకు గౌరవం వచ్చింది, మంచిదే. మరి జొన్న రొట్టె కాల్చే చేతికి వచ్చిందా?

రొట్టె మాట వస్తే మహద్ గుర్తుకు రావాలి. 1927 మార్చిలో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి ముందు జరిగిన సభలో బాబాసాహెబ్ మనోళ్ళకు చెప్పిందేమిటి? ఊరోళ్ళు పడేసే ఎంగిలి ముక్కలకు చెయ్యి చాపొద్దు, చచ్చిన పశువు మాంసం మానండి అని. మన తాతల కాలంలో వెట్టి చేసి, పరాయి వాకిట నిలబడి సద్దిరొట్టె తెచ్చుకున్న ఇండ్లు ఎన్నో. అందుకే మన పిండితో మన పొయ్యి మీద కాలిన రొట్టె మనకు ఆత్మగౌరవం. ఆ గౌరవం బరువంతా ఒక్క ఆడమనిషి నడుము మీద పెడితే మాత్రం అది సగం గౌరవమే.

తథాగతుని కాలంలో అనురుద్ధుడనే శాక్య కుమారుడు ఉండేవాడు. అన్నం ఎక్కడి నుంచి వస్తుందని ఒకసారి స్నేహితుల మధ్య మాటొచ్చింది. గాదె నుంచి అన్నాడు కింబిలుడు. వండే కుండ నుంచి అన్నాడు భద్దియుడు. బంగారు గిన్నె నుంచి అన్నాడు అనురుద్ధుడు. ధమ్మపద అట్ఠకథ చెప్పే కథ ఇది. వండిన చేతిని ఎప్పుడూ చూడనివాడు ఇంకేం చెప్తాడు! ఆ కుమారులే సంఘంలో చేరేటప్పుడు, తమ గర్వం అణగాలని, మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇమ్మని అడిగారు.

తర్వాత గోసింగ సాలవనంలో అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు కలిసి ఎట్లా బతికారో మజ్ఝిమ నికాయంలో ఉంది. భిక్ష నుంచి ముందొచ్చినవాడు ఆసనాలు పరిచి నీళ్ళు పెట్టేవాడు. చివరొచ్చినవాడు మిగిలింది తిని, చిమ్మి, సర్దేవాడు. నీళ్ళ కుండ ఖాళీ అయిందని ఎవరు చూస్తే వాళ్ళే నింపేవాళ్ళు. బరువైతే చేత్తో సైగ చేసి ఇంకొకర్ని పిలిచి ఇద్దరూ ఎత్తేవాళ్ళు. ఇది నీ పని, అది నా పని అనే లెక్క అక్కడ లేదు. బంగారు గిన్నె దగ్గర మొదలైన మనిషి నీళ్ళ కుండ దగ్గరికి వచ్చాడు. ధమ్మం మనిషిని మార్చడమంటే ఇదే.

మగోడు పొయ్యి దగ్గర కూర్చుంటే నలుగురూ నవ్వుతారంటారు. నవ్వే నలుగురి లెక్క ఏమిటో చూడండి. కులం పనిని విభజించడమే కాదు, పనిచేసేవాళ్ళనే విభజించిందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. ఈ కులంలో పుట్టావు కాబట్టి ఈ పని అన్నవాళ్ళను మనం ఎదిరించాం. ఆడదానిగా పుట్టావు కాబట్టి పొయ్యి నీది అంటే అదీ పుట్టుక లెక్కే కదా?

చదువుకునే పిల్లలకు ఈ పనెందుకని ఇంకొందరంటారు. ఆ భయంలో న్యాయముంది. ఆడపిల్ల పుస్తకం మూసి రొట్టెల ముందు కూర్చున్న ఇండ్లు మనకు తెలుసు. సుగ్గికి గుంటూరు పక్క మిరప కోతకు పోయినా, కూలి ఇద్దరిదీ, పొయ్యి ఒకరిదే. అందుకే పంచుకోవాలి. నలుగురు పట్టుకుంటే పని తొందరగా తెములుతుంది, కొడుకు పుస్తకంతో పాటు కూతురి పుస్తకమూ తెరుచుకుంటుంది.

జొన్న రొట్టె పని పంచుకోవడానికి అనువైనదే. గోధుమ పిండికున్న సాగుడు జొన్న పిండికి లేదు. అందుకే మరిగే నీళ్ళు పోసి, వేడి మీదే బాగా పిసకాలి. అది నాయన చేతులకు తగిన పని. పిండి పాతదైతే అంచులు పగులుతాయి, కాబట్టి కొంచెం కొంచెంగా మర పట్టించి తేవడం పెద్దకొడుకు పని. ముద్దలు చేసి పొడిపిండి చల్లడం చిన్నోళ్ళు చేస్తారు. పెనుము మీద వేశాక పైన తడిబట్టతో అద్ది, తడి ఆరగానే తిప్పేది ఒకరు, మంట చూసుకునేది ఒకరు. తట్టడం మాత్రం వారానికొకరు నేర్చుకోండి. మొదటి రొట్టె విరుగుతుంది, నవ్వకండి.

వేడి రొట్టె, పుండికూర, ఊరిమిండి అందరికీ పెట్టి, చివర చల్లారింది తాను తినడం తల్లికి రాసిపెట్టిందేమీ కాదు. పనివాళ్ళకు శక్తికి తగ్గ పని ఇవ్వాలి, రుచైన తిండి వాళ్ళతో పంచుకోవాలి అని సిగాల సుత్తంలో బుద్ధుడు చెప్పాడు. పనిమనిషికే ఆ హక్కుంటే కన్నతల్లికి లేదా?

ఏప్రిల్ 14న, అక్టోబర్ 14న మనం పెట్టుకునే భోజనాల్లోనూ చూడండి. వేదిక మీద ఎవరు, పొగలో ఎవరు? సమాజం ఎంత ముందుకు పోయిందో ఆడవాళ్ళ ముందడుగును బట్టి కొలుస్తానని బాబాసాహెబ్ 1942లో నాగపూర్ మహిళా సభలో చెప్పారు. ఆ కొలత మన వంటింట్లోనూ పెట్టి చూసుకోవాలి.

అన్నల్లారా, తమ్ముళ్ళారా! సాయంత్రం వందన అయిపోయినాక పిండి డబ్బా ఎవరికి ముందు కనబడితే వాళ్ళే మూత తీయండి. బరువైతే సైగ చేయండి, ఇంకొకరు వస్తారు.

భవతు సబ్బ మంగళం.