కనబడకపోవడం, లేకపోవడం

కందుకూరు మండలంలో ఇరవై ఏళ్లుగా ఒక చేను చేసుకుంటున్న స్త్రీ ఉందనుకుందాం. పట్టా మామ పేరున ఉంది. 'ఈ భూమి సాగు చేస్తున్నదెవరు?' అని కృత్రిమ మేధను అడిగితే ఏం చెప్పాలి?

ఊహించి చెప్పొద్దు, చేతికిచ్చిన సాధనంతో రికార్డు తెరిచి చూసి చెప్పమని దానికి నేర్పుతున్నాం. సబబే. కానీ ఆ రికార్డులో గడులు గీసిందెవరు? పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది. 2020లో వచ్చి 2025 దాకా నడిచిన ధరణిలో ఆ గడి లేకుండా పోయింది. గడే లేనిచోట జవాబు ఉండదు. ఆ ఖాళీని 'అలాంటి మనిషే లేదు' అని చదవడమే అసలు అబద్ధం.

తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలను వెతుకుతూ స్త్రీశక్తి సంఘటన మిత్రులు కాగితాల దగ్గర ఆగిపోలేదు. ఆ స్త్రీల దగ్గరికే వెళ్లి విన్నారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అలా వచ్చింది.

యంత్రానికి వెతకడం ఒక్కటే నేర్పితే చాలదు. ఎక్కడ వెతికిందో, అక్కడ ఏమేం రాయరో కూడా అది చెప్పాలి. 'రికార్డులో కనబడలేదు, ఆమెనే అడగండి' అనగలగాలి. ఇంతకీ, ఆ మాట అనడం మనకు వచ్చిందా?