బెసలేలు పని, అహోలీయాబు పని





ఇంజనీరింగు కౌన్సెలింగు దినములు రాగానే మన సంఘములలో ప్రార్థన మనవులు ఎక్కువగును. "మా వానికి కంప్యూటర్ సైన్సు సీటు రావలెనని ప్రార్థించండి" అని తల్లిదండ్రులు అడుగుదురు. ప్రార్థించుట మంచిదే. అయితే ఏ బ్రాంచి కొరకు ప్రార్థించవలెనో ముందుగా బిడ్డను అడిగితిమా?

నిర్గమకాండము 31వ అధ్యాయము తెరచి చూతము. ప్రత్యక్షపు గుడారపు పనికి దేవుడు యూదా గోత్రికుడైన బెసలేలును పేరుపెట్టి పిలిచెను. బంగారు, వెండి, ఇత్తడి పనులు, రత్నములు సానబట్టుట, కొయ్యపని అతనికి నేర్పెను. దాను గోత్రికుడైన అహోలీయాబును అతనికి తోడుగా ఇచ్చెను. ఇతడు సన్ననార మీద రంగునూలుతో బుటాపని చేయుటలో నేర్పరియని 38వ అధ్యాయములో చూచుచున్నాము. అందరును బంగారు పనినే కోరియుంటే గుడారమునకు తెరలెక్కడివి? ఇద్దరికిని నేర్పునిచ్చిన దేవుడు ఒక్కడే.

మన వలస జీవితములోను ఇందుకు సాక్ష్యమున్నది. కోలారు బంగారు గనులలో తెలుగువారు తమిళ సోదరులతో కలసి తరతరములుగా శ్రమించిరి. ఆ గనులకు 1902లో కావేరి మీది శివనసముద్రము నుండి కరెంటు వచ్చెను. గని త్రవ్వు విద్య, యంత్రముల విద్య, కరెంటు విద్య ఒకదానికొకటి తోడైనందుననే పని సాగెను. 2001లో ఆ గనులు మూతపడెను. ఈనాడు గిరాకీయున్న పని రేపు ఉండునో లేదో మనకు తెలియదు. ఇష్టముతో, లోతుగా నేర్చిన విద్య మాత్రము మనిషి ఏ ఊరు పోయినను వెంట వచ్చును.

కాబట్టి తల్లిదండ్రులారా, ఆప్షన్లు నింపకమునుపు బిడ్డతో కూర్చుండుడి. యంత్రము విప్పి బిగించుట ఇష్టమా, సర్క్యూట్లు ఇష్టమా, వంతెనలు, నీటి కాలువలు ఇష్టమా, ప్రోగ్రాములు వ్రాయుట ఇష్టమా కనుగొనుడి. నాలుగేండ్ల సిలబసు తెప్పించి చదివింపుడి. కంప్యూటర్ సైన్సునే మనసార కోరు బిడ్డను ఆపవద్దు, అదియు దేవుని వరమే. అయితే పొరుగింటి వారితో పోటీపడియో, పెండ్లి సంబంధములలో చెప్పుకొనుటకో ఒక బ్రాంచిని బిడ్డ నెత్తిన మోపవద్దు. ఫీజు కట్టునది మనమే గాని, ఆ చదువుతో బ్రదుకవలసినది ఆ బిడ్డయే.

సంఘములోని ఇంజనీర్లకు ఒక మనవి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక గంట ఈ పిల్లలకు ఇయ్యుడి. మీ పని ఎట్లుండునో ఉన్నదున్నట్లు చెప్పుడి.

బెసలేలును పేరుపెట్టి పిలిచిన దేవుడు మన బిడ్డల పేర్లును ఎరుగును. ఆయన పిలుపు వినగల చెవిని వారికిని, ఆ పిలుపుకు అడ్డురాని మనస్సును మనకును దయచేయును గాక. ఆమేన్.